ఆదివారం పూజకు పీఠాన్ని ఎలా సిద్ధం చేయాలి

మీ విచారణలో (పారిష్‌లో) పీఠం పని కొత్తగా మీ చేతికి వచ్చి ఉంటుంది. సిస్టర్ గారో, ఉపదేశి గారో "ఈ నెల నుంచి మీరు చూసుకోండమ్మా" అని సాక్రిస్టీ (పూజ సామాను ఉంచే గది) తాళాలు ఇచ్చి ఉంటారు. చూడ్డానికి చిన్న పనే. శనివారం సాయంత్రం ఒంటరిగా పీఠం ముందు నిలబడితే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పేది కతోలిక గుళ్లలో, లాటిన్ ఆచారం ప్రకారం జరిగే దివ్యబలిపూజ గురించి. సి.ఎస్.ఐ., లూథరన్ సంఘాల పద్ధతులు వేరు. శుభ్రం చేయడం, బట్టలు, పూల గురించిన మాటలు వాళ్లకూ పనికొస్తాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. గుడిని ప్రతిష్ఠించే రోజున బిషప్ గారు పీఠం మధ్యలో, నాలుగు మూలల్లో క్రిస్మా అనే పవిత్ర తైలం పోసి అభ్యంగనం చేస్తారు. దాని మీద ధూపం వేస్తారు, ఆ తర్వాతే తెల్లబట్ట పరిచి దీపాలు వెలిగిస్తారు. ఆ రోజు నుంచి ఆ పీఠం క్రీస్తుకు గుర్తు. అందుకే గురువులు పూజ మొదట్లోనూ చివర్లోనూ దాన్ని ముద్దుపెట్టుకుంటారు. మన దేశంలో 1969 ఏప్రిల్ 25న రోము నుంచి వచ్చిన అనుమతితో, ముద్దుకు బదులు చేతులతో తాకి కళ్లకద్దుకోవడం కూడా కొన్నిచోట్ల అలవాటైంది. గుడిలో ఇంతటి గౌరవం మరే వస్తువుకూ లేదు. కాబట్టి మీరు చేసే ప్రతి పనికీ ఒకే పరీక్ష పెట్టుకోండి: దీనివల్ల జనం చూపు పీఠం మీదికి వెళ్తుందా, పక్కకు పోతుందా?

ముందు ఖాళీ చేయండి

చాలామంది అలంకరణతో మొదలుపెడతారు. మీరు తీసేయడంతో మొదలుపెట్టండి. పీఠం మీద ఏమేం పేరుకుపోయాయో ఒకసారి చూడండి. కళ్లజోడు పెట్టె, పాత ప్రకటనల కాగితాలు, పాటల పుస్తకాలు, పూజ ఉద్దేశాల చీటీలు, అగ్గిపెట్టె, వాడిపోయిన దండ, ఎవరో పెట్టిన ప్లాస్టిక్ పూలకుండీ, మైకు బ్యాటరీలు. ఇవన్నీ సాక్రిస్టీకి వెళ్లాలి. పీఠం పైభాగం మీద పూజకు కావలసినవి తప్ప ఇంకేవీ ఉండకూడదని పూజ గ్రంథం ముందుమాటలోని సాధారణ నియమాలు స్పష్టంగా చెబుతాయి.

అవి కూడా మొదటి నుంచీ ఉండనక్కర్లేదు. చాలా గుళ్లలో పూజ పాత్ర (ద్రాక్షారసం పోసే గిన్నె), అప్పాలు (పూజలో సత్ప్రసాదంగా పవిత్రమయ్యే పలుచటి గోధుమ రొట్టెలు), పూజ గ్రంథం అన్నీ ముందే పీఠం మీద సర్ది ఉంచుతారు. అది పద్ధతి కాదు. పూజ మొదలయ్యేటప్పుడు పీఠం మీద తెల్లబట్ట ఉండాలి. కొవ్వొత్తులు, సిలువ పీఠం మీదైనా దాని పక్కనైనా ఉండొచ్చు. ప్రవేశంలో సువిశేష గ్రంథం తెస్తే అది పీఠం మీదే పెడతారు. పూజ పాత్ర, కార్పొరల్ (పాత్ర కింద పరిచే చిన్న తెల్లబట్ట), పూజ గ్రంథం కానుకల సమయంలో, వాక్యం ముగిశాక వస్తాయి. అంతవరకు పీఠం ఖాళీగా ఉంటే, కానుకలు పీఠానికి వస్తున్నాయన్న సంగతి చూసేవాళ్లకు అర్థమవుతుంది. ఈ ఒక్క మార్పు చేసి చూడండి. పిల్లలు కూడా ఆ క్షణంలో తలెత్తి చూస్తారు.

తర్వాత చుట్టూ ఉన్న స్థలం చూడండి. పీఠం చుట్టూ గురువులు, ధూపం పట్టుకున్న పిల్లలు తేలిగ్గా తిరగగలగాలి. అదనపు కుర్చీలు, కీబోర్డు పెట్టె, కూలర్, మడతబల్ల ఉంటే తీసేయండి. వచ్చిన పెద్దమనుషుల్ని పీఠం పక్కన కుర్చీలేసి కూర్చోబెట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది. వాళ్లకు మొదటి వరసలో చోటు ఇవ్వండి, గౌరవం తగ్గదు.

పాత గుళ్లలో ఇంకో సంగతి. రెండో వాటికన్ మహాసభ తర్వాత గురువులు జనం వైపు తిరిగి పూజ చేయడం మొదలైంది. అప్పుడు గోడకు ఆనించి ఉన్న పాత పీఠం అలాగే ఉండిపోయి, దాని ముందు కొత్త పీఠం వచ్చింది. ఇప్పుడు వెనక పీఠం మీద అరలు అరలుగా పూలు, స్వరూపాలు, సీరియల్ లైట్లు. ముందున్న అసలు పీఠం బోసిగా. నియమం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంది: కొత్త పీఠం ఉన్నచోట పాతదాన్ని ప్రత్యేకంగా అలంకరించకూడదు. పెద్దవాళ్లకు ఆ పాత పీఠం మీద ప్రేమ ఉంటుంది, అది న్యాయమే. దాన్ని శుభ్రంగా ఉంచండి, పూలు మాత్రం ముందుకు తీసుకురండి.

తుడవడం

శనివారం సాయంత్రం పూజ లేకపోతే మధ్యాహ్నమే తుడవండి, రాత్రికి ఆరిపోతుంది. పైనుంచి కిందికి రండి. ముందు ఫ్యాన్ రెక్కలు, తర్వాత గోడ, స్వరూపాలు, ఆ తర్వాత పీఠం, చివరికి మెట్లు, నేల. ఫ్యాన్లు దులిపే ముందు పీఠం మీద పాత దుప్పటి కప్పండి.

పీఠం పాలరాతిదా, గ్రానైటుదా ముందే తెలుసుకోండి. పాలరాతిని పులుపు తినేస్తుంది. నిమ్మరసం, వెనిగర్, బాత్రూం యాసిడ్ తగిలితే మెరుపు పోయి తెల్లగా మచ్చ పడుతుంది, అది మళ్లీ పాలిష్ పెడితే తప్ప పోదు. గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు వేసి, మెత్తటి బట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో ఆరబెట్టండి. గ్రానైటు ఇంత సున్నితం కాదు, అయినా యాసిడ్ వద్దు. నూనె ఒలికితే వెంటనే ముగ్గుపిండి గానీ మైదా గానీ చల్లి, అది పీల్చుకున్నాక ఎత్తేయండి.

ఇత్తడి సామాను, అంటే కొవ్వొత్తి స్టాండ్లు, దీపస్తంభం, గంటలు చింతపండుతోనో పీతాంబరి పొడితోనో తోమొచ్చు. పూజ పాత్ర, అప్పాలు ఉంచే గిన్నె అయిన సిబోరియం, అప్పం పెట్టే పళ్లెం అయిన పటెన్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అలా తోమకండి. వాటికి లోపల బంగారు పూత ఉంటుంది, రెండుమూడుసార్లు తోమితే పోతుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి మెత్తటి బట్టతో ఒత్తితే చాలు. పూత పోయి లోపలి లోహం కనిపిస్తుంటే ఫాదర్ గారికి చెప్పండి. తుప్పు పట్టే లోహమైతే మళ్లీ పూత వేయించాలి.

బట్టలు

పీఠం మీద కనీసం ఒక తెల్లబట్ట ఉండాలి. కింద ఇంకేదైనా వేసినా పైన కనిపించేది తెలుపే. పండుగ రంగును బట్టి మారేది గురువుల పూజ వస్త్రాలు.

బట్ట నూలుదే కొనండి. సిల్కులా మెరిసే సింథటిక్ బట్ట ఫొటోల్లో బాగుంటుంది గానీ, కొవ్వొత్తి నిప్పురవ్వ పడితే కరిగిపోతుంది. మన దగ్గర మంచి నూలుకు కొదవ లేదు. పొందూరు ఖద్దరు, మంగళగిరి నూలు పీఠానికి ఎంతో అందం. అంచు కావాలంటే నరసాపురం లేసు ఉంది. 19వ శతాబ్దంలో గోదావరి జిల్లాల ఆడవాళ్లకు క్రైస్తవ మిషనరీలు నేర్పిన అల్లిక అది. మన ఆడవాళ్ల చేతిపని మన పీఠం మీదికి రావడంకన్నా తగిన అలంకరణ నాకు తోచడం లేదు. బట్ట కొన్నాక కుట్టించే ముందే ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. లేకపోతే మొదటి ఉతుకులోనే కుదించుకుపోయి పీఠం అంచులు బయటపడతాయి. కొలత తీసుకునేటప్పుడు పీఠం పొడవుకు రెండు వైపులా వేలాడే భాగం కలపండి. ముందువైపు ఎక్కువ వేలాడితే పీఠం మీద చెక్కిన బొమ్మలు కనిపించవు, అందుకే అటు కొద్దిగానే వదలండి. రెండు జతలు ఉండాలి, ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి పీఠం మీద ఉంటుంది.

బట్ట మీద ప్లాస్టిక్ షీటు వేసి ఉంచేవాళ్లున్నారు. దుమ్ము పడకుండా వారం మధ్యలో కప్పొచ్చు. పూజ సమయంలో మాత్రం అది తీసేయాలి.

కొవ్వొత్తులు, సిలువ

మామూలు పూజకు కనీసం రెండు కొవ్వొత్తులు. ఆదివారాలు, పండుగలకు నాలుగో ఆరో పెట్టొచ్చు. మీ మేత్రాసన (డయోసిస్) బిషప్ గారు స్వయంగా పూజ చేస్తే ఏడు. ఏడోది ఎందుకని పిల్లలు అడుగుతారు, మన బిషప్ గారు వచ్చారని చెప్పడానికి మంచి అవకాశం. కొవ్వొత్తులు పీఠం మీదైనా, పక్కన స్టాండ్ల మీదైనా పెట్టొచ్చు. నా మాట అడిగితే పక్కన పెట్టడమే మంచిది. బట్ట మీద మైనం కారదు, పీఠం మీద జరిగేది అందరికీ కనిపిస్తుంది.

మన ఎండలకు మేలో సన్నటి పొడవు కొవ్వొత్తులు వంగిపోతాయి. వేసవిలో పొట్టివి, లావువి వాడండి. రాత్రంతా స్టాండ్లకు గుచ్చి ఉంచకుండా పొద్దున్నే పెట్టండి. ఫ్యాన్ గాలికి ఒకవైపే కరుగుతుంటే చిన్న గాజు చిమ్నీ పెట్టొచ్చు. రంగు కొవ్వొత్తులు వద్దు, వాటి మరక బట్టకు పట్టిందంటే పోదు. బ్యాటరీ కొవ్వొత్తులు కూడా పీఠం దగ్గరికి రానివ్వకండి. వెలుగుతూ కరిగిపోయేది కొవ్వొత్తి, అదే దాని అర్థం. మన దేశంలో కొవ్వొత్తుల బదులు నూనె దీపాలు వాడటానికి ఆ 1969 అనుమతిలోనే వీలుంది. నువ్వుల నూనె దీపం పీఠం పక్కన ఎంతో బాగుంటుంది. కింద ఇసుక పోసిన పళ్లెం పెట్టండి, తివాచీ మీద మాత్రం పెట్టకండి.

పూజకు కొద్ది నిమిషాల ముందు వెలిగించాలి. ఆర్పేటప్పుడు నోటితో ఊదకుండా టోపీలాంటి ఆర్పే కడ్డీ వాడమని పిల్లలకు నేర్పండి. ఊదితే కరిగిన మైనం బట్ట మీద చిందుతుంది.

సిలువ మీద క్రీస్తు శరీరం తప్పకుండా ఉండాలి. పీఠం మీదో, దగ్గరలోనో జనానికి కనిపించేలా ఉంచాలి. వెనక గోడ మీద పెద్ద సిలువ ఉంటే పీఠం మీద మరొకటి అక్కర్లేదు.

పూలు

అందరికీ ఉత్సాహం పూల దగ్గరే ఉంటుంది, గొడవలూ అక్కడే వస్తాయి. ముందు నియమం చెప్తాను. పూలు పీఠం పైన కాదు, చుట్టూ పెట్టాలి. అతి చేయకూడదు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో మరీ తక్కువ. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్కాలంలో అసలు ఉండకూడదు. ఈ నియమానికి తపస్కాలం నాలుగో ఆదివారం, ఆ కాలంలో వచ్చే మహోత్సవాలు, పండుగలు మినహాయింపు. అంటే మార్చి 19న యోసేపు గారి పండుగకు, మార్చి 25న మంగళవార్త పండుగకు పూలు పెట్టుకోవచ్చు.

ఇక పని దగ్గరికి వద్దాం. పూలు శనివారం సాయంత్రం కొనండి. హైదరాబాదులో గుడిమల్కాపూర్, గోదావరి వైపు కడియం, మిగతా ఊళ్లలో మీ పూల మార్కెట్టు. పండుగ ముందు రోజు ధర రెట్టింపు అవుతుంది కాబట్టి పండుగలకు ముందే చెప్పి ఉంచుకోండి. బంతి, చామంతి నిలబడతాయి. మల్లెలు సాయంత్రం పూజకు బాగుంటాయి గానీ రాత్రి కోసి పెడితే పొద్దుటి పూజకు వాడిపోతాయి. లిల్లీ కాడలు కుండీలకు చక్కగా సరిపోతాయి. అయితే వాటి వాసన ఘాటు. మూసుకుపోయిన చిన్న గుడిలో పీఠం పక్కనే గుత్తులుగా పెడితే ఫాదర్ గారికి దగ్గు పట్టుకుంటుంది.

కాడల చివర ఏటవాలుగా కత్తిరించండి. నీళ్లలో మునిగే భాగంలో ఆకులన్నీ తీసేయండి, ఉంచితే కుళ్లి వాసన వస్తుంది. ఆదివారం రాత్రికి నీళ్లు మార్చకపోతే బుధవారానికి గుడంతా కంపు కొడుతుంది. దోమలు కూడా చేరతాయి. కుండీల ఎత్తు పీఠం ఎత్తును మించకూడదు. ఒకసారి వెనక బెంచీలో, ఇంకోసారి నేల మీద కూర్చుని చూడండి. మన గుళ్లలో చాలామంది నేల మీదే కూర్చుంటారు, వాళ్ల కళ్ల ఎత్తుకు పూలగుత్తి గురువుల ముఖాన్ని మూసేస్తుంది. పీఠం ముందు ఒక్కటే గుత్తి, పక్కకు కొంచెం జరిపి పెట్టడం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. రెండు వైపులా ఒకేలా పెట్టి తీరాలన్న రూలేమీ లేదు.

దండలు పీఠం ముందు కట్టడం మన దగ్గర మామూలే. మేకులు కొట్టకండి, సెల్లో టేపు అంటించకండి. పాలరాతి మీద ఆ జిగురు నల్లగా మిగిలిపోతుంది. బట్ట అంచుకు దారంతో కుట్టి వేలాడదీయండి, పూజ అయ్యాక దారం తెంపితే సరిపోతుంది.

ప్లాస్టిక్ పూల గురించి గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఖర్చు కలిసొస్తుందని కొంటారు, ఏడాది పొడవునా దుమ్ము పట్టి అలాగే ఉంటాయి. డబ్బు లేకపోతే పూలు లేకుండా పూజ చేయొచ్చు, తప్పేం కాదు. లేదా ఎవరి పెరట్లోనో నాలుగు మందారాలు, కాసిని కొబ్బరాకులు తెచ్చి పెట్టండి. చిన్న పల్లె గుళ్లలో అరటి పిలకలు, మామిడాకులు, నారమామిడి కొమ్మలతో పీఠం చుట్టూ చేసే అలంకరణ పట్నపు పూల డెకరేషన్ కన్నా నిండుగా ఉంటుంది.

ఇక పీఠం వెనక ఫ్లెక్సీలు, థర్మోకోల్ రెక్కలు, మెరిసే అక్షరాలు, దాత పేరు, ఫొటో. పీఠం వెనక గోడ మీద దాతల పేర్లు ఉండకూడదు, అంతే. కృతజ్ఞత చెప్పాలంటే ప్రకటనల్లో చెప్పండి, గుడి వరండాలో బోర్డు పెట్టండి. మెదక్ కేథడ్రల్ చూసిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అది సి.ఎస్.ఐ. వాళ్ల గుడి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. పీఠం వెనక ఆరోహణ చిత్రం ఉన్న రంగుటద్దాల కిటికీలోంచి వెలుగు లోపలికి వస్తుంటే చూపు దానంతటదే అటు వెళ్తుంది. మనకు అంతటి కిటికీ లేకపోవచ్చు. శుభ్రంగా వెల్ల వేసిన గోడ, దాని మీద ఒక సిలువ ఉన్నా అదే పని చేస్తాయి.

సీరియల్ లైట్లు క్రిస్మస్‌కు తప్పవంటే గుడి బయట, పశువుల పాక దగ్గర పెట్టండి. పీఠం దగ్గర మిణుకు మిణుకుమనే లైట్లు ఉంటే వాక్యం చదువుతున్నంతసేపూ పిల్లల కళ్లు వాటి మీదే ఉంటాయి. పైగా తెరలు, ఎండిన గడ్డి, థర్మోకోల్ పక్కన అతుకుల వైరుతో పెట్టిన సీరియల్ సెట్టు నిప్పుకు దారి. పశువుల పాకను కూడా పీఠం ముందు కాకుండా పక్క నడవలో పెడితే జనం దగ్గరికి వచ్చి చూసుకోవడానికి వీలుంటుంది.

పక్క బల్ల

పీఠానికి కుడివైపునో, ఎడమవైపునో చిన్న బల్ల వేసి తెల్లబట్ట పరచండి. పూజ పాత్ర, దాని మీద ప్యూరిఫికేటర్ (పాత్ర తుడిచే చిన్న బట్ట), పటెన్ మీద గురువుల పెద్ద అప్పం, పైన పాల్ అనే గట్టి మూత, మడిచిన కార్పొరల్ దాని మీద పెట్టండి. అదనపు సిబోరియంలు, సత్ప్రసాదం ఇచ్చేటప్పుడు గడ్డం కింద పట్టే పళ్లెం, చేతులు కడుక్కోవడానికి చెంబు, గిన్నె, తువ్వాలు కూడా అక్కడే. అప్పాల సిబోరియం, ద్రాక్షారసం, నీళ్ల సీసాలు కానుకల ఊరేగింపులో వస్తాయంటే గుడి వెనక చిన్న బల్ల మీద పెట్టండి. లేదంటే అవీ ఇక్కడే. పూజ పాత్ర, పటెన్, సిబోరియం గాజువి, మట్టివి కాకూడదు, వాటికి సులువుగా పగిలిపోయే వస్తువు దేనినీ వాడకూడదని 2004లో రోము స్పష్టంగా చెప్పింది.

అప్పాలు గోధుమ పిండితో, పులియని పిండితో చేసినవే ఉండాలి. జనం ఎంతమంది వస్తారో అంచనా వేసి పోయండి. మందసంలో (సత్ప్రసాదం దాచే పెట్టెలో) ఉన్నవాటి మీద ఆధారపడకుండా ఆ పూజలో పవిత్రమైన సత్ప్రసాదమే జనానికి అందడం మంచిది. వానాకాలంలో అప్పాలు మెత్తబడతాయి, గట్టి మూత ఉన్న డబ్బాలో ఉంచండి. ద్రాక్షారసం మేత్రాసనం ఇచ్చేదే వాడాలి, కొట్లో కొన్నది కాదు. సీసా తెరిచాక మన ఎండలకు త్వరగా పులిసిపోతుంది, కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పులిసిన వాసన వస్తే వాడకండి. సీసాల మూతులకు చీమలు పట్టకుండా పళ్లెంలో నీళ్లు పోసి అందులో నిలబెట్టండి.

పాల్ అంటే పాత్ర మీద కప్పే గట్టి చతురస్రపు ముక్క. చాలామంది అది అక్కర్లేదనుకుంటారు. వానాకాలం సాయంత్రం పూజలో ఉసిళ్లు లైట్ల చుట్టూ ముసిరినప్పుడు దాని విలువ తెలుస్తుంది. అలాంటి రోజుల్లో పీఠం మీది లైటు తగ్గించి దూరంగా ఉన్నవి వెలిగించండి. పీఠం పైన ఫ్యాన్ ఉంటే అప్పాలు ఎగిరిపోకుండా కానుకల నుంచి సత్ప్రసాదం అయ్యేవరకు దాన్ని ఆపి, పక్క ఫ్యాన్లు వేయండి.

వాక్య వేదిక, మైకు, కుర్చీ

వాక్యం చదివే చోటు కదిలే స్టాండు కాకుండా స్థిరంగా ఉండాలి. అక్కడినుంచి పఠనాలు, కీర్తన, సువిశేషం, ప్రసంగం, విశ్వాసుల ప్రార్థనలు వస్తాయి. ప్రకటనలకు వేరే మైకు పెట్టండి. పఠనాల గ్రంథం ఆ రోజు పేజీకి తెరిచి రిబ్బన్ వేసి ఉంచండి. చదివేవాళ్లు ఫోన్లోంచి కాకుండా పుస్తకంలోంచే చదవాలి.

పీఠం మీద మైకు చిన్నదిగా, తక్కువ ఎత్తులో ఉండాలి. వైర్లు మెట్ల మీద అడ్డంగా ఉంటే ధూపం పట్టుకున్న పిల్లవాడు తట్టుకుంటాడు, గోడ పక్కగా తిప్పండి. గురువుల కుర్చీ సింహాసనంలా ఉండకూడదు. జనం వైపు తిరిగి ఉంటే చాలు.

మందసం

దివ్యమందసం ఎప్పుడూ తాళం వేసి ఉండాలి. తాళంచెవి దానికే వేలాడుతూ ఉండకూడదు. గురువుల దగ్గరో, సాక్రిస్టీలో ఇంకో తాళం వేసిన చోటో ఉంచాలి. దాని పక్కన నూనెతోనో మైనంతోనో వెలిగే దీపం నిత్యం ఉండాలి. రోజూ నూనె పోసే బాధ్యత ఒకరికే ఇవ్వండి, "ఎవరో ఒకరు చూస్తారులే" అనుకుంటే శుక్రవారానికి ఆరిపోతుంది. మందసం మీద పూలకుండీ, స్వరూపం పెట్టకండి.

కాలం మారినప్పుడు

తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారానికి ముందే పోయిన ఏటి మట్టలు కాల్చి, పొడి చేసి, జల్లించి సిద్ధంగా ఉంచాలి. అందుకే మట్టల ఆదివారం తర్వాత కొబ్బరి, ఈత మట్టలు కొన్ని దాచండి. పవిత్ర గురువారం పూజకు ముందు మందసం ఖాళీగా ఉండాలి. గురువారం, శుక్రవారం రెండు రోజులకూ సరిపడా అప్పాలు ఆ పూజలోనే పవిత్రమవుతాయి కాబట్టి లెక్క ఎక్కువే వేయండి. పూజ అయ్యాక పీఠం మీది బట్టలన్నీ తీసేస్తారు. శుక్రవారం ఆరాధన మొదలయ్యేటప్పుడు బట్ట, కొవ్వొత్తులు, సిలువ ఏవీ ఉండవు. ఆ రోజు బోసిగా ఉందని ఎవరైనా పూలు తెస్తే సున్నితంగా వెనక్కి పంపండి. ఆ బోసితనమే ఆ రోజు పీఠం జనానికి చెప్పే మాట.

పాస్కా (ఈస్టర్) కొవ్వొత్తి పెంతెకోస్తు వరకు వాక్య వేదిక దగ్గరో, పీఠం దగ్గరో ఉంటుంది. తర్వాత జ్ఞానస్నానపు తొట్టి దగ్గరికి వెళ్తుంది. జ్ఞానస్నానాలకు, అంత్యక్రియల పూజకు దాన్ని మళ్లీ వెలిగిస్తారు.

పెళ్లి పూజలు

పెళ్లివాళ్లతో వారం ముందే మాట్లాడండి. డెకరేషన్ వాళ్లకు పీఠం అప్పగించారంటే థర్మోకోల్ ఆర్చీ లోపలికి వచ్చేస్తుంది, పీఠం దాని వెనక్కి పోతుంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కుర్చీలు పీఠం ముందు పక్కగా వేయండి. ఫొటోగ్రాఫర్లు పీఠం మెట్లెక్కకూడదని, సత్ప్రసాదం సమయంలో లైట్లు వేయకూడదని ఫాదర్ గారి చేత ముందే చెప్పించండి. మీరు చెబితే ఎవరూ వినరు. తపస్కాలంలో పెళ్లి ఉంటే పూల నియమం కూడా ముందే చెప్పాలి, వాళ్లు అడ్వాన్స్ ఇచ్చాక చెబితే అందరికీ టెన్షన్.

నెలకోసారి మాత్రమే ఫాదర్ గారు వచ్చే చిన్న పల్లెల్లో బల్లనే పీఠంగా వాడతారు. దానికీ తెల్లబట్ట, కార్పొరల్, సిలువ, రెండు దీపాలు కావాలి. బల్ల ఊగకుండా కాలు కింద అట్టముక్క పెట్టి చూసుకోండి. ఆ బల్ల మీద తర్వాత భోజనాలు వడ్డించకుండా పూజ కోసమే ఒకటి విడిగా ఉంచితే ఎంతో బాగుంటుంది.

పూజ అయ్యాక

ఎక్కువమంది మరచిపోయే పని ఇదే. కార్పొరల్‌ను దులపకండి. దాని మీద సత్ప్రసాదం కణాలు ఉండొచ్చు. మధ్యలోకి మూడు మడతలు, మళ్లీ అడ్డంగా మూడు మడతలు వేస్తే కణాలు లోపలే ఉంటాయి. ఉతికేటప్పుడు కార్పొరల్, ప్యూరిఫికేటర్‌లను ముందు మంచినీళ్లలో విడిగా నానబెట్టి, ఆ మొదటి నీళ్లను సాక్రేరియం అనే తొట్టిలో పోయాలి. దాని గొట్టం నేరుగా భూమిలోకి వెళ్తుంది. అది లేని గుళ్లలో ఎవరూ తొక్కని చోట, ఏ చెట్టు మొదట్లోనో పోయండి. డ్రైనేజీలో మాత్రం వద్దు. ఆ తర్వాత మామూలుగా ఉతకొచ్చు.

కార్పొరల్‌కు పల్చగా గంజి పెట్టి ఇస్త్రీ చేయండి, బిగుతుగా ఉంటే కణాలు పైనే నిలుస్తాయి. ప్యూరిఫికేటర్‌కు గంజి వద్దు, పెడితే తడి పీల్చదు. ద్రాక్షారసం మరక వెంటనే చల్లనీళ్లలో నానబెడితే వస్తుంది. వేడినీళ్లు పోస్తే మరక అలాగే నిలిచిపోతుంది. మైనం పడితే గీకకండి. ఐసుముక్కతో గట్టిపరిచి చెంచా వెనకతో లేపేయండి, మిగిలినదానికి కిందా పైనా రాతలేని కాగితం పెట్టి ఇస్త్రీ చేస్తే కాగితం పీల్చుకుంటుంది. న్యూస్ పేపరు వాడితే దాని సిరా బట్టకు అంటుకుంటుంది.

సత్ప్రసాదం కింద పడితే గురువులకు వెంటనే చెప్పండి. వాళ్లే గౌరవంగా తీస్తారు. పవిత్ర రక్తం (పూజలో పవిత్రమైన ద్రాక్షారసం) ఒలికితే ఆ చోటు నీళ్లతో కడిగి, ఆ నీళ్లు కూడా సాక్రేరియంలోనే పోయాలి. ఈ సంగతి పీఠ బాలకులకు ముందే తెలియాలి, లేకపోతే భయపడి తొక్కేస్తారు.

చివరగా సాక్రిస్టీ తలుపు వెనక ఒక కాగితం అంటించండి. ఏ వారం బట్టలు ఎవరు ఉతకాలి, దీపంలో నూనె ఎవరు పోయాలి, అప్పాలు ఎన్ని మిగిలాయి, కొవ్వొత్తులు ఎప్పుడు కొన్నారు, ఇవన్నీ అందులో రాయండి. మీరు ఊరికి వెళ్లిన ఆదివారం కూడా పని ఆగకుండా, పీఠ బాలకుల్లో పెద్దవాళ్లిద్దరికి ఆ కాగితం చదివి పని చేయడం నేర్పండి.